తాబేలు ముక్కు పెరిగిపోతే అరగదీసే పద్ధతి

తాబేలుకు పళ్లుండవు. దవడ ఎముక మీద తొడుగులా ఉండే కెరటిన్ పొరే దాని ముక్కు. మన గోళ్లలో ఉన్నదీ ఇదే పదార్థం కనుక అది జీవితాంతం పెరుగుతూనే ఉంటుంది. గట్టి మేతను కొరికి తెంపుతూ ఉంటే పెరిగినంతా అరిగిపోతుంది గాని, మెత్తగా తరిగిన ఆకులే రోజూ నోటికి అందుతుంటే ఆ అవకాశం ఉండదు. అయితే తప్పంతా మేతదే అనుకోకూడదు. కాల్షియమూ అతినీలలోహిత కాంతీ చాలక దవడ ఎముక మెత్తబడి వంకర తిరిగినా, విటమిన్ ఎ లోపించినా, పాత దెబ్బవల్ల రెండు దవడలూ సరిగా కలవకపోయినా ముక్కు కిందికో పక్కకో సాగిపోతుంది. అందుచేత మొదటిసారి పశువైద్యునికి చూపించి కారణం తెలుసుకోవడం, ఆయన అరగదీస్తుండగా దగ్గరుండి గమనించడం అవసరం.

ముక్కు నిజంగా పెరిగిందా అన్నది ముందుగా తేల్చుకోవాలి. కొన్ని జాతులకు పై ముక్కు కొస పుట్టుకతోనే కొక్కెంలా వంగి ఉంటుంది, దాన్ని ముట్టుకోరాదు. ఒక పెద్ద ఆకును తుంచకుండా ముందు పెట్టి చూడండి. తాబేలు దాన్ని పట్టి లాగినా తెగక జారిపోతున్నా, ముందుకాలితో నోట్లోకి నెట్టుకోవలసి వస్తున్నా, నోరు పూర్తిగా మూతపడకపోతున్నా అరగదీయవలసిందే.

పనిముట్లలో గోళ్ల ఆకురాయి అన్నిటికన్నా క్షేమం. సన్నని గరుకు కాగితం చుట్టిన చిన్న తిరుగుడు యంత్రం పని తొందరగా ముగిస్తుంది గాని దానికి చేయి కుదరాలి. చాలామంది వాడే నెయిల్ కట్టర్‌ను మాత్రం నేను ఒప్పుకోను: ఎండిన కెరటిన్ తెగడానికి బదులు చీలుతుంది, ఆ చీలిక రక్తనాళాలున్న చోటిదాకా పైకి పాకవచ్చు. రక్తం వస్తే అద్దడానికి మెత్తని మొక్కజొన్న పిండి (కార్న్‌ఫ్లోర్) పక్కనే ఉంచుకోండి.

ఈ పనికి ఇద్దరు కావాలి. ఒకరు తాబేలును పొట్ట కిందికే ఉండేలా రెండు చేతులతో పట్టుకోవాలి; వెల్లకిలా తిప్పితే పైచిప్ప కింద ఉన్న ఊపిరితిత్తుల మీద పేగుల బరువు పడుతుంది. రెండోవారు తల తనంతట తాను బయటికి వచ్చేదాకా ఆగి, గొంతు నొక్కకుండా, దవడల వెనుక బొటనవేలూ చూపుడువేలూ ఆనించి పట్టుకోవాలి. తలను ఎన్నడూ గుంజకూడదు. చిప్పను పూర్తిగా మూసుకునే జాతులనూ, గట్టిగా కరిచే పెద్ద నీటి తాబేళ్లనూ వైద్యునికే వదిలేయండి, వాటికి మత్తు అవసరం కావచ్చు.

పాత పళ్లబ్రష్‌తో ముక్కుకు అంటుకున్న మేతను తుడిస్తే అసలు అంచు కనబడుతుంది. ఆకురాయిని పక్కలనుంచి కొస వైపు ఒకే దిశలో నాలుగైదు సార్లు నడిపి, ఆగి చూసి, మళ్లీ నడపండి. సుద్దపొడిలాంటి తెల్లని రజను ముక్కు మీద పేరుకుంటుంది. అది ముక్కురంధ్రాల్లోకీ కళ్లలోకీ పోకుండా తడిదూదితో తుడుస్తూ, మీరూ మాస్కు వేసుకోండి. కొన్ని తాబేళ్లు కోపంతో ఆకురాయినే కొరకబోతాయి. కొరకనివ్వండి, ఆ కాసేపూ తల బయటే ఉంటుంది. యంత్రమైతే తక్కువ వేగంలో పెట్టి, రెండు మూడు సెకన్లకు మించి ఒకచోట ఆనించకండి. రాపిడికి పుట్టే వేడి లోపలి ఎముకదాకా పోతుంది.

పై ముక్కు కింది ముక్కును కొద్దిగా కప్పి ఉంటే చాలు, రెండు అంచులూ సమం కానక్కరలేదు. ఒక విడతలో 1 లేదా 2 మిల్లీమీటర్లకు మించకుండా, మిగిలినది రెండు మూడు వారాల తర్వాత తీయాలి. గులాబీరంగు ఛాయ కనిపించినా, తాబేలు నోరు తెరిచి ఊపిరి పీలుస్తున్నా అక్కడికక్కడే ఆపేయాలి. తాబేళ్ల ఒంటిమీద సాల్మొనెల్లా క్రిములు ఉండవచ్చు కనుక చేతులు సబ్బుతో కడుక్కోవాలి. పనిముట్లను వంటింటి సింకులో కడగరాదు.

ఆ రోజునుంచి మేతను గరుకైన బల్లపరుపు రాతి మీద, ఆకులు తరగకుండా పెట్టండి. పక్షులకు పెట్టే కటిల్‌బోన్ (కటిల్‌ఫిష్ అనే సముద్రజీవి లోపలి సున్నపు పెంకు) ముక్క ఒకటి అందుబాటులో ఉంచితే కాల్షియమూ దొరుకుతుంది, ముక్కూ అరుగుతుంది. అతినీలలోహిత దీపం వెలుగుతున్నంత మాత్రాన పనిచేస్తున్నట్టు కాదు. ఆ కిరణాల బలం ముందే తగ్గిపోతుంది కాబట్టి రకాన్నిబట్టి 6 నుంచి 12 నెలలకోసారి మార్చాలి. మర్నాడు మళ్లీ అదే పెద్ద ఆకును పెట్టి చూడండి. రెండు మూడు రోజులైనా నోరు పెట్టకపోతే పశువైద్యుని దగ్గరికి తీసుకువెళ్లండి.