పాత బోటు మోటారు రిపేరు, 4వ పాఠం: స్టార్టయ్యి ఆగిపోతుంటే

పోయిన పాఠంలో ప్లగ్గులు తీసి స్పార్కు చూశాం, కంప్రెషన్ (సిలిండర్లో ఒత్తిడి) చూశాం, రెండూ బానే ఉన్నాయి అనుకుందాం. తాడు లాగితే రెండో లాగుకే అందుకుంటది, అరనిమిషం బ్రహ్మాండంగా తిరుగుతది, రేవు వదిలి కాస్త ముందుకెళ్ళామో లేదో చప్పున చల్లారిపోద్ది. గోదారి గౌతమి పాయలో పాటు మీద, అంటే నీరు సముద్రం వైపు తీసేటప్పుడు, ఇలా ఆగిందనుకోండి, మీరు తెడ్డు అందుకునేలోపే నీరు మిమ్మల్ని సముద్రం మొగదాల భైరవపాలెం వైపు లాక్కుపోతా ఉంటది. అందుకే ఈ పాఠం ఏట్లో కాదండీ, ఇంటి దగ్గరే.

రొయ్యల చెరువుల దగ్గర నీలం రంగు ప్లాస్టిక్ డ్రమ్ములుంటాయి కదా, ఒకటి తెచ్చి పై మూత భాగం కోసేసి నీళ్ళు నింపండి, మోటారుని ఓ గట్టి కర్రదుంగకి బిగించి కాలు డ్రమ్ములోకి దించండి. ఫ్యాను (నీళ్ళలో తిరిగే రెక్కలు) ఊడదీసెయ్యండి, ఫ్యాను పైనుండే పలక మునిగేదాకా నీళ్ళుండాలి. నీళ్ళు లేకుండా "ఒక్కసారి చూద్దాం" అని తిప్పారంటే లోపల నీళ్ళు తోడే రబ్బరు చక్రం నిమిషం కూడా తట్టుకోదు, మాడిపోద్ది. ఆరుబయటే పెట్టండి, పొగ మంచిది కాదు.

ఇక్కడ అందరూ చేసే పని ఒకటుంది, పానా తీసుకుని నేరుగా కార్బరేటర్ (పెట్రోలునీ గాలినీ కలిపే భాగం) మీద పడతారు. నేనూ అంతే లెండి, మా మావయ్య మోటారుకి మూడుసార్లు కార్బరేటర్ విప్పి కడిగాను, నాలుగోసారి మా అత్తయ్య టీ ఇస్తా "ఆ ట్యాంకు మూత మీద మర అంత బిగుతుగా ఉందేంట్రా" అంది. గాలి మర! అది బిగించేసి ఉంటే పెట్రోలు పోయేకొద్దీ ట్యాంకులోకి గాలి రాదు, కాసేపటికి పెట్రోలు రావడం ఆగిపోద్ది. మూడు రోజులు పోయాయి ఆ మరకి.

అసలు సంగతేంటంటే, కార్బరేటర్ గిన్నెలో ఉండే కాస్త పెట్రోలుతోనే మోటారు అరనిమిషం, ముప్పావు నిమిషం తిరిగెయ్యగలదు. అంటే స్టార్టవడం గిన్నె పని, ఆగకుండా తిరగడం ట్యాంకు నుంచి గిన్నె దాకా ఉన్న దారి పని. కాబట్టి ఎలా ఆగుతోందో వినండి. తడబడి, గొణిగి, మెల్లగా చచ్చిపోతే పెట్రోలు కరువు. స్విచ్చి కట్టేసినట్టు టక్కున ఆగితే కరెంటు వైపు అనుమానం, వెంటనే వేడి మీదే ప్లగ్గు తీసి స్పార్కు చూడండి, ఎందుకంటే ప్లగ్గుకి స్పార్కు కరెంటు ఇచ్చే పాత కాయిల్ చల్లగా ఉన్నప్పుడు మంచిదే, వేడెక్కాకే చేతులెత్తేస్తది.

మెల్లగా ఆగేదానికి పరీక్ష ఇది. గొణగడం మొదలెట్టగానే ట్యాంకు నుంచి మోటారుకొచ్చే గొట్టం మధ్యలో చేత్తో నొక్కే రబ్బరు బల్బు నొక్కతా ఉండండి. నొక్కినంతసేపూ బతికి, వదిలేస్తే చస్తుంటే పెట్రోలు పంపు లోపలి పల్చటి పొర, డయాఫ్రమ్, పోయుండొచ్చు, లేదా గొట్టం ఎక్కడో గాలి పీలుస్తోంది. బల్బు లోపలికి పీక్కుపోయి చప్పిడిగా అయితే బల్బుకీ ట్యాంకుకీ మధ్య దారి మూసుకుంది, ముందు ఆ గాలి మరే చూడండి. బల్బు మీద బాణం గుర్తు మోటారు వైపే ఉండాలి, తిరగేసి బిగించినవాళ్ళని చూశాను, నవ్వకండి. బల్బు నొక్కినా ఫలితం లేక, చోక్ (గాలి తగ్గించే మీట) సగం లాగితే మాత్రం తేరుకుంటే అప్పుడు కార్బరేటర్లో జెట్టు, అంటే పెట్రోలు వచ్చే సన్న బెజ్జం, మూసుకుందని అనుమానించొచ్చు.

గొట్టం పాతదైతే మార్చెయ్యండి, బేరాలొద్దు. ఇప్పుడు బంకుల్లో పెట్రోల్లో 20 శాతం దాకా ఇథనాల్ వస్తోంది, ఆ పాత రబ్బరు దానికోసం చేసింది కాదు, లోపలి పొర ఊడి రెక్కలా వేలాడి దారికి అడ్డం పడుద్ది, పైకి చూస్తే గొట్టం నిక్షేపంలా ఉంటది. పైగా ఇథనాల్ తేమని పీలుస్తది, మన వానాకాలం తేమ సంగతి చెప్పేదేముంది. ట్యాంకు అడుగు నుంచి కాస్త పెట్రోలు గాజు సీసాలోకి తీసి ఓ గంట కదపకుండా ఉంచండి, అడుగున వేరే పొర కనబడితే ఆ పెట్రోలు ఇక మోటారుకి పొయ్యకండి.

కిరసనాయిలు మోటారు ఉన్నోళ్ళకి ఇంకో మాట. పెట్రోలుతో స్టార్ట్ చేసి వెంటనే కిరసనాయిలుకి మార్చేస్తే ఆగిపోవడం రోగం కాదు, ఇంకా వేడెక్కలేదంతే. కొన్ని నిమిషాలు పెట్రోలు మీదే తిప్పండి. ఒడ్డుకొచ్చేముందు మళ్ళీ పెట్రోలుకి మార్చి ఆపండి, లేకపోతే గిన్నెలో కిరసనాయిలు మిగిలి తెల్లారి తాడు లాగి లాగి మీ భుజం పోద్ది.

వచ్చే పాఠంలోనే కార్బరేటర్ విప్పుదాం. ఈలోపు మీ మోటారు ఎన్ని సెకన్లకి ఆగుతోందో, బల్బు నొక్కితే ఏమైందో, చోక్ లాగితే ఏమైందో ఓ కాగితం మీద రాసి పెట్టుకోండి. ఓ పాత టూత్‌బ్రష్షు, తెల్ల పళ్ళెం కూడా రెడీగా ఉంచండి, చిన్న చిన్న మరలు నల్లటి పళ్ళెంలో పడితే దొరకవు.