పిల్లల తల, మెడ క్యాన్సర్ కేసు ట్యూమర్ బోర్డుకి పంపాలంటే ఎలా అప్లై చేయాలి

ముక్కు వెనకాల వచ్చే నాసోఫారింజియల్ కార్సినోమా, లాలాజల గ్రంథిలో వచ్చే మ్యూకోఎపిడెర్మాయిడ్, నట్ అనే జీన్ మార్పు వల్ల వచ్చే నట్ కార్సినోమా, ఇవన్నీ పిల్లల్లో చాలా అరుదు, మంచి అనుభవం ఉన్న డాక్టరు కూడా ఒక్క కేసైనా చూసుండకపోవచ్చు. అందుకే పిల్లల క్యాన్సర్ చూసే పెద్ద సెంటర్లో ట్యూమర్ బోర్డు రివ్యూ అడగండి, అక్కడ సర్జన్, ఆంకాలజిస్టు, రేడియేషన్ డాక్టరు, పాథాలజిస్టు అందరూ కూర్చుని ఒకే కేసు చూస్తారు.

దరఖాస్తు మామూలుగా మీ డాక్టరే పెడతారు. ఆయన పెట్టకపోతే మీరే నోరు తెరిచి అడగండి, అందులో మొహమాటమేమీ లేదు. కన్సెంట్ మీద తల్లిదండ్రుల సంతకం కావాలి, టీనేజ్ పిల్లలైతే వాళ్లకీ విషయం చెప్పి వాళ్ల ఒప్పుకోలు కూడా తీసుకోండి, రోగం వాళ్లది కదా.

ఎక్కువమంది తప్పు చేసేది కాగితాల దగ్గరే. బయాప్సీ రిపోర్టు జిరాక్స్ ఒక్కటీ పంపేస్తారు, అది సరిపోదు, అసలు స్లైడ్లు, బయాప్సీ ముక్కని మైనంలో పెట్టి దాచిన బ్లాకు రెండూ పంపాలి. ఎందుకంటే నట్ కార్సినోమా మైక్రోస్కోప్ కింద మామూలు స్క్వామస్ క్యాన్సర్ లాగే కనపడొచ్చు, నట్ స్టెయిన్ (నట్ ప్రోటీన్‌ని పట్టే రంగు పరీక్ష) వేస్తే తేలుతుంది, నాసోఫారింజియల్ అయితే ఎప్‌స్టీన్ బార్ వైరస్ టెస్టు చేయాలి, ఇవన్నీ బ్లాకు ఉంటేనే కుదురుతాయి. ఎంఆర్ఐ కూడా ఫిల్ములు కాదు, డైకామ్ ఫైళ్లు (స్కాన్ అసలు డిజిటల్ బొమ్మలు) మొత్తం సీడీలోనో ఆన్‌లైన్లోనో ఇవ్వాలి. ఇప్పటిదాకా ఏం మందులు ఎక్కించారో తేదీలతో ఒక పేజీ సమ్మరీ పెట్టండి.

ఇంకోటి, ఇది మాత్రం మర్చిపోవద్దు, ట్రీట్‌మెంట్ మొదలుపెట్టేలోపే వినికిడి టెస్టు చేయించి దాని రిపోర్టు కూడా జతచేయండి. సిస్‌ప్లాటిన్ అనే కీమో మందు పిల్లల చెవులు పాడుచేయొచ్చు, ముందు ఎంత వినపడేదో తెలియకపోతే తర్వాత ఎంత తగ్గిందో ఎలా చెప్తారు? వినికిడి కాపాడటానికి సోడియం థయోసల్ఫేట్ వాడొచ్చా అని అప్లికేషన్‌లోనే ప్రశ్నగా రాయండి, వేరే చోట్లకి పాకని గడ్డలున్న పిల్లలకి అమెరికాలో 2022లో దానికి అనుమతి వచ్చింది. రేడియేషన్‌కి ముందు పళ్ల డాక్టరుకి చూపించడం, టీనేజర్లయితే వీర్యం లేదా అండాలు దాచుకునే సంగతి, ఇవీ అడగండి.

నాసోఫారింజియల్‌కి ముందు కీమో ఇచ్చి, బాగా తగ్గితే రేడియేషన్ డోసు తగ్గించే పద్ధతి ఉంది, మా పాపకి అది కుదురుతుందా అని సూటిగా రాయండి. బోర్డు జవాబు లెటర్ మీ డాక్టరుకే వెళ్తుంది, మీకూ ఒక కాపీ ఇమ్మని ముందే చెప్పండి. నట్ కార్సినోమా అని అనుమానం ఉంటే అర్జెంట్ అని పైనే రాయించి ఫోన్ కూడా చేయించండి, అది చాలా వేగంగా పెరుగుతుంది.