త్రీ నాట్ త్రీ: కేసు అడుగు తెగిపోయి ముందు భాగం ఛాంబర్‌లో ఇరుక్కుపోతుంటే

అమెరికా, కెనడా, ఆస్ట్రేలియాల్లో చట్టబద్ధంగా పాత లీ-ఎన్‌ఫీల్డ్ రైఫిల్ (నంబర్ 4 లేదా ఎస్‌ఎంఎల్‌ఈ మోడల్) పెట్టుకుని, .303 (త్రీ నాట్ త్రీ) తూటాలు తామే రీలోడ్ చేసుకునేవాళ్ల కోసం, అంటే కాల్చిన ఇత్తడి కేసుల్లోనే మళ్లీ మందు, బుల్లెట్ నింపుకునేవాళ్ల కోసం ఇది. మన దేశంలో .303 ప్రొహిబిటెడ్ బోర్, ఇక్కడ ఈ పని జోలికి వెళ్లొద్దు.

లక్షణం: కాల్చి బోల్ట్ లాగితే కేసు మొత్తం రాదు. రిమ్‌తో (కేసు అడుగున బయటికి ఉండే అంచుతో) పాటు బొటనవేలి గోరంత అడుగు ముక్క మాత్రం వచ్చి పడుతుంది. అది చూసుకోకపోతే తర్వాతి తూటా కొంత దూరం వెళ్లి ఆగిపోతుంది. అక్కడ బోల్ట్‌ను అరచేత్తో బాదకండి. తూటా, మ్యాగజైన్ రెండూ తీసేయండి. .303 బ్రోకెన్ కేస్ ఎక్స్‌ట్రాక్టర్ ఉంటే రెండు నిమిషాల పని. లేకపోతే .45 పిస్టల్ కంచు బ్రష్‌ను వెనక నుంచి ఇరుక్కున్న గొట్టంలోకి దూర్చి, బ్యారెల్ మూతి వైపు నుంచి క్లీనింగ్ రాడ్‌తో వెనక్కి తోయండి. బ్రష్ గొట్టాన్ని పట్టుకుని బయటికి తెస్తుంది.

అందరూ వదిలేసే చెకింగ్ ఒకటుంది. పేపర్ క్లిప్ సాగదీసి, కొసను 2 మిల్లీమీటర్లు వంచి, సూదిలా అరగదీయండి. కాల్చిన ప్రతి కేసులోనూ దాన్ని అడుగు దాకా దించి, కేసు లోపలి గోడకు ఆనించి పైకి లాగండి. అడుగు నుంచి సుమారు సెంటీమీటరు ఎత్తులో కొస టక్కున తగులుకుంటే అక్కడ లోపల గాడి పడినట్టే. ఆ కేసును నలిపి పారేయండి. బయట మెరిసే గీతను మాత్రమే నమ్మొద్దు, డై (కేసును నొక్కి మళ్లీ కొలతకు తెచ్చే అచ్చు) ఆగిన చోట కూడా అలాంటి గీతే పడుతుంది. గాడి దొరికిన బ్యాచ్‌లో ఇప్పటికే నింపి పెట్టిన తూటాలుంటే వాటిని కాల్చకండి, బుల్లెట్లు ఊడదీయండి.

ఇక అసలు దొంగ. చాలామంది ముందుగా హెడ్‌స్పేస్‌ను (రిమ్ ఆగే చోటుకూ బోల్ట్ ముఖానికీ మధ్య దూరాన్ని) అనుమానించి పొడవైన బోల్ట్ హెడ్ (బోల్ట్ ముందు ఉండే విడి ముక్క) కొంటారు. నంబర్ 4కు 0 నుంచి 3 దాకా బోల్ట్ హెడ్లున్నాయి, అవి సరిచేసేది రిమ్ దగ్గరి ఖాళీని. సమస్య పుట్టేది భుజం దగ్గర, అంటే కేసు మెడ వైపు సన్నబడే చోట. .303 కేసు రిమ్ మీద ఆగుతుంది కాబట్టి భుజం ఛాంబర్‌కు (బ్యారెల్ వెనక తూటా కూర్చునే గదికి) తగలాల్సిన అవసరం లేదు. బురద పట్టిన తూటా కూడా దూరాలని సైనిక ఛాంబర్లను వదులుగా కోశారు. మొదటిసారి కాల్చగానే కేసు భుజం ముందుకు జరిగి, ఆ ఛాంబర్ ఆకారానికి వస్తుంది. అక్కడితో వదిలేస్తే గొడవ లేదు. కానీ కేసు మొత్తాన్నీ నొక్కే ఫుల్ లెంగ్త్ డైని, దాంతో వచ్చిన కాగితంలో రాసినట్టు, షెల్ హోల్డర్‌కు (ప్రెస్‌లో కేసును పట్టి ఉంచే ముక్కకు) తగిలేదాకా బిగిస్తే భుజం మళ్లీ వెనక్కి వెళ్తుంది. ఈసారి కాల్చినప్పుడు పలచని ముందు గోడలు ఛాంబర్‌ను కరుచుకుంటాయి, మందమైన అడుగు వెనక్కి జరిగి బోల్ట్‌కు కొట్టుకుంటుంది. మధ్యలో ఉన్న ఇత్తడి సాగుతుంది. బోల్ట్‌ను లాక్ చేసే పళ్లు, అంటే లగ్గులు, బోల్ట్ వెనక భాగంలో ఉండటంతో ఈ తుపాకీ యాక్షన్ కూడా కొద్దిగా సాగి, దానికి తోడవుతుంది. ప్రతి రీలోడింగ్‌కూ ఇదే తంతు, మూడో నాలుగో సారికి తెగుతుంది.

పరిష్కారం: కేసులను ఏ తుపాకీవి ఆ తుపాకీకే విడిగా పెట్టండి. మెడ మాత్రమే సైజ్ చేయండి, మెడను చుట్టూ పట్టి నొక్కే కాలెట్ డై అయితే మరీ మంచిది. ఫుల్ లెంగ్త్ డై ఒక్కటే ఉంటే, షెల్ హోల్డర్‌కు తగిలిన చోటు నుంచి ఒక పూర్తి చుట్టు పైకి విప్పండి. డైకి ఉండే 7/8-14 మరలో (అంగుళానికి 14 చుట్లు) ఒక చుట్టు అంటే 0.071 అంగుళం. భుజానికి మార్కర్ పూసి, చుట్టులో పదహారో వంతు చొప్పున దించుతూ, ప్రతిసారీ కేసును ఛాంబర్‌లో పెట్టి చూడండి. బోల్ట్ హ్యాండిల్ చివర్లో కాస్త పట్టినట్టు అనిపించి మూసుకునే చోట ఆపి, లాక్ రింగ్ బిగించండి.

కొత్త కేసుకు మొదటిసారి రిమ్ ముందు సన్నని మెత్తని రబ్బరు ఓ-రింగ్ తొడిగి, రీలోడింగ్ మాన్యువల్‌లోని స్టార్టింగ్ లోడ్‌తో (మొదలుపెట్టమని చెప్పే తక్కువ మందుతో) కాల్చండి. రింగ్ అడుగును బోల్ట్‌కు ఆనించి ఉంచుతుంది, సాగాల్సింది భుజం వైపు సాగుతుంది. తూటాకు నూనె రాసే చిట్కా మాత్రం వద్దు, బోల్ట్ మీద తోపు పెరుగుతుంది.

మిగతా కారణాలు అరుదు. మెడ చీలితే అది ఇత్తడి గట్టిపడటం, ఈ సమస్య కాదు. ఇషాపూర్ 2ఏ1 రైఫిల్ చూడటానికి ఇలాగే ఉంటుంది కానీ 7.62 మి.మీ., దానికి .303 పనికిరాదు. పైన చెప్పినవన్నీ చేసినా కొత్త ఫ్యాక్టరీ కేసులు కూడా మొదటిసారికే తెగుతుంటే 0.074 అంగుళం హెడ్‌స్పేస్ గేజ్ వేయించండి. దాని మీద బోల్ట్ మూసుకుందంటే కాల్చడం ఆపి గన్‌స్మిత్‌కు ఇవ్వండి.