వయనాడ్ వెళ్లండి, కానీ తెలుసుకుని వెళ్లండి: బెంగళూరు నుంచి బయల్దేరే ముందు

లాంగ్ వీకెండ్ దగ్గర పడితే చాలు, మారతహళ్లి, వైట్‌ఫీల్డ్ వైపు మనవాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో కేరళ కొండ జిల్లా వయనాడ్ గురించి ఈ ప్రశ్న వస్తుంది: "వయనాడ్ ఇప్పుడు సేఫేనా? వెళ్లొచ్చా?" వెంటనే ఒకరు ఆ పేరే ఎత్తొద్దంటారు. ఇంకొకరు ఏం కాదు పదండి అంటారు. రెండూ తొందరపాటు మాటలే. వెళ్లాలనే నేను అంటాను. కాకపోతే ఎప్పుడు వెళ్లాలి, ఏ దారిన వెళ్లాలి, ఎక్కడ దిగాలి, ఎక్కడ అడుగు పెట్టకూడదు అన్నవి ఇంట్లో కూర్చునే తేల్చుకోవాలి.

2024 జులై 30 తెల్లవారకముందు, మేప్పాడి పంచాయతీలోని పుంచిరిమట్టం పైన కొండ విరిగి ముండక్కై, చూరల్‌మల ఊళ్ల మీదుగా దూసుకుపోయింది. అంతకుముందు రెండు రోజుల్లో అక్కడ 570 మిల్లీమీటర్లకు పైగా వాన కురిసింది. 250 మందికి పైగా చనిపోయారు. కొట్టుకుపోయినవాళ్ల శవాలు పక్క జిల్లాలో, నిలంబూర్ దగ్గర చాలియార్ నదిలో దొరికాయి. అదే పంచాయతీలో ఉన్న పుత్తుమలలో 2019 ఆగస్టు 8న ఇలాగే కొండ జారి 17 మంది పోయారు. కాబట్టి మేప్పాడి పైనున్న కొండలను తేలిగ్గా తీసుకోకూడదు.

అయితే వయనాడ్ అంటే మేప్పాడి ఒక్కటే కాదు. సుల్తాన్ బత్తేరి, మానంతవాడి, తిరునెల్లి, ఎడక్కల్ గుహలు, బాణాసుర సాగర్, ఇవన్నీ ఆ విపత్తు తగలని చోట్లు. అయినా ఆ తర్వాత జిల్లా మొత్తానికి జనం రావడం మానేశారు. కొండ జారింది ఒక మూల, గదులు ఖాళీ అయింది అన్ని మూలలా. హోమ్‌స్టేలు నడిపేవాళ్లు, జీపు తోలేవాళ్లు, టీ కొట్టు పెట్టుకున్నవాళ్లు చేతిలో పని లేక కూర్చున్నారు. మనం వెళ్లాలని నేను గట్టిగా చెప్పేది అందుకే.

ఇక కాలం సంగతి. జూన్ నుంచి సెప్టెంబరు దాకా ఆ ఆలోచన పెట్టుకోవద్దు. ఆగస్టు 15కి కలిసొచ్చే సెలవులు ఎంత ఊరించినా సరే. దసరా సెలవులకైతే వాతావరణ శాఖ ఇచ్చే వాన అలర్ట్ చూసుకుని బయల్దేరాలి. డిసెంబరు నుంచి ఫిబ్రవరి వరకు నిశ్చింతగా వెళ్లొచ్చు. అలర్ట్ రంగుల లెక్క కూడా తెలిసుండాలి: 24 గంటల్లో 64.5 నుంచి 115.5 మిల్లీమీటర్ల వాన అంచనా ఉంటే యెల్లో, 204.4 వరకు ఆరెంజ్, అది దాటితే రెడ్. ఆరెంజ్ వచ్చిందంటే ట్రిప్ ఆపేయండి, అడ్వాన్స్ పోతే పోనివ్వండి. బెంగళూరులో ఎండ కాస్తోందంటే వయనాడ్‌లో కూడా కాస్తోందని కాదు. ఇంకో మాట. వాన ఈరోజు ఆగినంత మాత్రాన కొండ వెంటనే గట్టిపడదు. రోజుల తరబడి తాగిన నీళ్లు మట్టిలోనే ఉంటాయి, ఆ ఒత్తిడికి మట్టికి రాతి మీద పట్టు సడలిపోతుంది. ఒకసారి జారిన చోట అంచుల్లో మిగిలిన వదులు మట్టికి చిన్న వాన కూడా ఎక్కువే. అందుకే పెద్ద వానల తర్వాత నాలుగైదు రోజులైనా తెరిపి ఇచ్చాకే బయల్దేరడం మేలు.

ఇందులో అక్కడివాళ్ల సాయం తీసుకోవచ్చు. కల్పెట్టలోని హ్యూమ్ సెంటర్ అనే పరిశోధన సంస్థ జిల్లా అంతటా వానమాపకాలు పెట్టించి రోజూ లెక్క తీస్తుంది. 2024లో కొండ విరగడానికి ముందే అధికారులను హెచ్చరించింది కూడా. గది బుక్ చేసేటప్పుడు హోమ్‌స్టే ఆయన్ని "చేట్టా (మలయాళంలో అన్నా), మీ వైపు నిన్న ఎన్ని మిల్లీమీటర్లు పడింది?" అని అడగండి. చాలామందికి ఆ లెక్క నోటికే ఉంటుంది.

ఆ ఫోన్‌లోనే ఇంకొన్ని అడిగేయాలి. ఇంటి వెనక కొండను నిలువుగా తవ్వి చదును చేశారా? వాగు ఎంత దూరం? మీకూ మెయిన్ రోడ్డుకూ మధ్య చిన్న వంతెన ఏదైనా ఉందా? అది మునిగితే బయటికి ఇంకో దారి ఉందా? ఫొటోల్లో అందంగా కనిపించే "వాగు పక్కన కాటేజీ" వానాకాలంలో అన్నిటికన్నా చెడ్డ గది. బురద, బండలు దిగివచ్చేది ఆ వాగు దారినే. వెనక గోడ కొండను ఆనుకుని ఉన్న గదీ వద్దు. టౌన్‌లో మామూలు లాడ్జ్ అయినా నయం. సరిగ్గా జవాబు చెప్పకుండా "నో ప్రాబ్లం సర్" అని మాట దాటేస్తే ఇంకో చోటు వెతుక్కోండి.

దారి దగ్గర మనవాళ్లు ఎక్కువగా ఇరుక్కునేది బందీపూర్ దగ్గర. అడవి గుండా వెళ్లే ఆ హైవేను రాత్రి 9 నుంచి ఉదయం 6 వరకు మూసేస్తారు. శుక్రవారం రాత్రి ఆఫీసు పని ముగించుకుని బయల్దేరితే గుండ్లుపేటలో కారులోనే జాగారం. తెల్లవారుజామున బయల్దేరండి, హాయిగా పగటి వెలుగులో అడవి దాటొచ్చు. హుణసూరు, గోణికొప్ప, కుట్ట మీదుగా వెళ్లే దారి రాత్రి తెరిచే ఉంటుంది కానీ వాన రాత్రుల్లో ఆ మలుపుల్లో బండి నడపొద్దు. కోళికోడ్ వైపు దిగాలనుకుంటే తామరస్సేరి ఘాట్ పరిస్థితి ముందు కనుక్కోండి. 2025 ఆగస్టులో అక్కడా చరియలు పడి రాకపోకలు ఆగాయి. గూగుల్ మ్యాప్స్ చూపించే షార్ట్‌కట్‌లు అసలు నమ్మొద్దు. 2024 మేలో హైదరాబాద్ నుంచి వెళ్లినవాళ్లు కొట్టాయం జిల్లాలో మ్యాప్ చెప్పినట్టే వెళ్లి కారుతో సహా వాగులో పడ్డారు. స్థానికులు, పోలీసులు ఆదుకోబట్టి ప్రాణాలతో బయటపడ్డారు.

రాత్రి పడుకునే ముందు ఫోన్, పవర్ బ్యాంక్ ఫుల్ ఛార్జ్ చేసి, టార్చ్, బూట్లు గుమ్మం దగ్గర, కారు తాళాలు జేబులో పెట్టుకోండి. 2024లో కొండ విరిగింది జనం గాఢనిద్రలో ఉన్న వేళ. వాగు నీళ్లు ఉన్నట్టుండి ఎర్రబడినా, వాన కురుస్తుండగానే నీటిమట్టం తగ్గినా, పైనుంచి బండలు దొర్లుతున్న చప్పుడు, చెట్లు విరుగుతున్న చప్పుడు వినిపించినా సామాను వదిలేసి బయటికి రండి. వాగు వెంట కిందికి పరుగెత్తొద్దు, దానికి అడ్డంగా పక్కకు, ఎత్తుకు వెళ్లాలి. కారు కోసం వెనక్కి వెళ్లొద్దు. 112కి ఫోన్ చేయండి. జిల్లా విపత్తు కంట్రోల్ రూమ్ నంబరు 1077. చేతిలో కొంత నగదు కూడా ఉండాలి, కరెంటు, నెట్‌వర్క్ పోతే యూపీఐ పనిచేయదు.

చూరల్‌మల చూసొద్దామని మాత్రం వెళ్లొద్దు. విపత్తు జరిగిన రోజుల్లోనే, చూడ్డానికి రావొద్దని కేరళ పోలీసులు జనాన్ని వేడుకోవాల్సి వచ్చింది. సహాయ దళాల కోసం మద్రాస్ ఇంజినీర్ గ్రూప్ సైనికులు అక్కడ 190 అడుగుల బెయిలీ వంతెన (ఇనుప భాగాలు బిగించి త్వరగా నిలబెట్టేది) కట్టారు. ఆ దళం మన బెంగళూరు హలసూరుదే. అలాంటి వంతెన ముందు నిలబడి రీల్ తీసుకోవడానికి మనసెలా ఒప్పుతుంది? 2024 విపత్తులో దొరికిన గుర్తు తెలియని శవాలను పుత్తుమలలో పూడ్చిన చోట సమాధుల మీద పేర్లకు బదులు నంబర్లు ఉన్నాయి. తమవాళ్లది ఏ నంబరో తెలుసుకోవడానికి డీఎన్ఏ పరీక్షల ఫలితం కోసం ఎదురుచూసిన కుటుంబాలున్నాయి. దయచేసి అక్కడికి కెమెరాలతో వెళ్లకండి. టీ కొట్టులోనో, జీపులోనో మాట కలిస్తే "ఆ రాత్రి మీ ఇంట్లో ఎవరైనా..." అని అడగొద్దు. వాళ్లంతట వాళ్లు చెబితే వినండి.

పాత బట్టల మూటలు మోసుకెళ్లడమూ వద్దు. డబ్బు అక్కడ ఖర్చు పెట్టండి: స్థానికుల హోమ్‌స్టే, స్థానిక డ్రైవర్ జీపు, మిరియాలు, కాఫీ, త్రిక్కైపెట్ట వెదురు వస్తువులు. యాభై రూపాయల కోసం బేరం ఆడొద్దు.

చివరిగా ఆరోగ్యం. తడి దారుల్లో జలగలు పడతాయి, మోకాళ్ల దాకా సాక్సులు, కాస్త ఉప్పు చాలు. అసలు భయపడాల్సింది ఎలుకల మూత్రం కలిసిన నీళ్ల నుంచి వచ్చే ఎలుక జ్వరానికి (లెప్టోస్పైరోసిస్). కాలికి పుండో, గీతో ఉంటే బురద నీళ్లలో దిగొద్దు. సేవా పనికి వెళ్లి బురదలో దిగాల్సి వస్తే, ముందుగా వేసుకునే డాక్సీసైక్లిన్ గురించి డాక్టర్‌ని అడగండి. తిరిగొచ్చిన రెండు మూడు వారాల్లో జ్వరం, పిక్కల నొప్పి, కళ్లు ఎర్రబడటం కనిపిస్తే పారాసిటమాల్ వేసుకుని ఆఫీసుకు వెళ్లిపోకండి. డాక్టర్ దగ్గర కూర్చోగానే వయనాడ్ బురదలో తిరిగొచ్చామని మొట్టమొదట చెప్పండి.