సీఆర్‌జే దింపేటప్పుడు ఈ లెక్క ముందే వేసుకోండి

ఇంట్లో సిమ్యులేటర్‌లో సీఆర్‌జే-700 అనే చిన్న ప్యాసింజర్ జెట్ నడిపేవాళ్లకు ఒక మాట. ఎయిర్‌బస్‌లో అలవాటైన ఆటోథ్రస్ట్ (ఇంజిన్ల థ్రస్ట్‌ను, అంటే తోపును, తనంతట తానే సర్దే ఏర్పాటు) ఇందులో ఉండదు, దిగే దారిని ఆటోపైలట్ తనంతట తాను పట్టుకోదు. ఎక్కడ దిగడం మొదలుపెట్టాలో మనమే లెక్కేయాలి. తగ్గాల్సిన ఎత్తును వేల అడుగుల్లో తీసుకుని మూడుతో గుణించండి. 35,000 నుంచి 3,000కి రావాలంటే 32 మూళ్లు 96 నాటికల్ మైళ్లు. వేగం తగ్గించుకోవడానికి ఇంకో పది కలపండి. గ్రౌండ్‌స్పీడ్‌ను (నేలతో పోల్చి చూసే వేగం, నాట్లలో అంటే గంటకు నాటికల్ మైళ్లలో) ఐదుతో గుణిస్తే నిమిషానికి ఎన్ని అడుగులు దిగాలో వస్తుంది: 420 నాట్లకు 2,100. వేగం తగ్గేకొద్దీ ఆ అంకెనూ తగ్గిస్తూ రండి.

అన్నిటికన్నా ముఖ్యం, విమానం కింది ఎత్తులో నిలవగానే థ్రస్ట్ పెంచడం మరిచిపోవద్దు. ఇంజిన్లను ఐడిల్‌లోనే (అతి తక్కువ పవర్‌లో) వదిలేస్తే చూస్తుండగానే వేగం పడిపోయి స్టాల్ దాకా, అంటే రెక్కలు విమానాన్ని మోయలేని స్థితి దాకా పోతుంది.