కస్టమ్ కెర్నల్ కంపైల్ చేశాక పోర్టులు పనిచేయట్లేదా? ఇలా పట్టుకోండి

మీరు కంపైల్ చేసిన కొత్త లినక్స్ కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ) బూట్ అవుతుంది, లాగిన్ స్క్రీన్ కూడా వస్తుంది. కానీ పెన్‌డ్రైవ్ పెడితే ఉలుకూ పలుకూ ఉండదు, లేదా నెట్ కేబుల్ పెట్టినా లైట్ వెలగదు. అప్పుడు చాలామంది కెర్నల్ ఆప్షన్ల మెనూ అయిన మెనూకాన్ఫిగ్ తెరిచి, యూఎస్‌బీ అని కనిపించిన ప్రతిదాన్నీ ఆన్ చేసి మళ్లీ కంపైల్ చేస్తారు. ఒక్కోసారి పని జరిగిపోతుంది కూడా. కాకపోతే ఏది లోపించిందో తెలియదు కాబట్టి తర్వాతి వెర్షన్‌కి మళ్లీ అదే టెన్షన్. ఇంతకంటే సులువైన దారి ఉంది: పాత కెర్నల్‌లో ఆ పోర్టును ఏ డ్రైవర్ నడిపిందో తెలుసుకుని, ఆ ఒక్క పేరు కొత్త కెర్నల్‌లో ఎక్కడ తప్పిపోయిందో వెతకడం.

ఇక్కడ కమాండ్లను పలికే తీరులో రాస్తున్నాను. టెర్మినల్‌లో మాత్రం ఎప్పటిలాగే ఇంగ్లీష్ చిన్న అక్షరాల్లోనే కొట్టాలి.

1. ముందు పాత కెర్నల్‌లోకి వెళ్లండి

కంప్యూటర్‌ను పూర్తిగా ఆపి, మళ్లీ ఆన్ చేసి, బూట్ సమయంలో వచ్చే గ్రబ్ మెనూలోని అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్ నుంచి పాత కెర్నల్‌ను ఎంచుకోండి. ఉత్త రీస్టార్ట్ చాలదు. కొన్ని డివైస్‌లు కరెంటు పూర్తిగా ఆగేదాకా పాత స్థితిలోనే ఉండిపోతాయి.

పాత కెర్నల్‌లో కూడా పోర్టు పనిచేయకపోతే ఈ వ్యాసంతో మీకు పనిలేదు. కేబుల్, బయోస్ సెట్టింగ్, పోర్టు, ఈ మూడూ చూసుకోండి. పనిచేస్తే మాత్రం హార్డ్‌వేర్ బాగానే ఉన్నట్టు.

అక్కడే ఉండి, మీరు వాడే డివైస్‌లన్నీ తగిలించి రెండు కమాండ్లు ఇవ్వండి: ఎల్ఎస్‌పీసీఐ -ఎన్ఎన్‌కే, ఎల్ఎస్‌యూఎస్‌బీ -టీ. మొదటిదానిలో, డ్రైవర్ నడుపుతున్న ప్రతి డివైస్ కింద ‘కెర్నల్ డ్రైవర్ ఇన్ యూజ్’ అనే లైన్ ఉంటుంది. రెండోది యూఎస్‌బీ పోర్టులను చెట్టులా చూపిస్తూ, ఒక్కో కొమ్మకీ డ్రైవర్ పేరు ఇస్తుంది. రెండిటి ఫలితాలనూ ఫైల్‌లో దాచుకోండి. సాధారణంగా కనిపించే పేర్లు ఇవి: యూఎస్‌బీ 3 కంట్రోలర్‌కి ఎక్స్‌హెచ్‌సీఐ_హెచ్‌సీడీ, రియల్‌టెక్ నెట్ పోర్టుకి ఆర్8169, ఇంటెల్‌కి ఈ1000ఈ లేదా ఐజీబీ, ఆడియో జాక్‌కి ఎస్ఎన్‌డీ_హెచ్‌డీఏ_ఇంటెల్, హెచ్‌డీఎంఐకి ఐ915 లేదా ఏఎండీజీపీయూ.

2. కొత్త కెర్నల్‌లో అవే కమాండ్లు

ముందుగా యూనేమ్ -ఆర్ కొట్టి, నడుస్తున్నది నిజంగా మీరు కంపైల్ చేసిన కెర్నలేనా అని చూడండి. వినడానికి చిన్నమాటే, కానీ గ్రబ్ ఇంకేదో కెర్నల్‌ను ఎత్తుకుని రావడం అరుదేమీ కాదు.

తర్వాత ఎల్ఎస్‌పీసీఐ మళ్లీ ఇవ్వండి. మాడ్యూల్ అంటే కెర్నల్‌లో కలపకుండా విడి ఫైల్‌గా ఉండి, అవసరమైనప్పుడు లోడయ్యే డ్రైవర్. ‘డ్రైవర్ ఇన్ యూజ్’ లైనూ, ‘కెర్నల్ మాడ్యూల్స్’ లైనూ రెండూ లేవంటే, డ్రైవర్ తయారే కాలేదు లేదా తయారై ఇన్‌స్టాల్ కాలేదు. మాడ్యూల్స్ లైన్ ఉండి డ్రైవర్ లైన్ లేకపోతే, మాడ్యూల్ ఉంది కానీ లోడ్ కాలేదు, లేదా లోడయ్యాక డివైస్‌ను అందుకోలేకపోయింది. డ్రైవర్ లైన్ కూడా ఉంటే కంట్రోలర్ బాగానే ఉంది. లోపం ఫర్మ్‌వేర్‌లోనో (డివైస్‌లోకి ఎక్కించే చిన్న ప్రోగ్రామ్ ఫైల్), కంట్రోలర్ మీద పనిచేసే పై అంచె డ్రైవర్‌లోనో ఉంది. ఈ మూడింటిలో మీది ఏదో తేలితే సగం పని అయిపోయినట్టే.

3. డ్రైవరే లేకపోతే

రూట్‌లోని లిబ్ లోపల మాడ్యూల్స్ అనే ఫోల్డర్ ఉంటుంది. అందులో, యూనేమ్ చూపించిన పేరుతోనే, ఒక్క అక్షరం తేడా లేకుండా ఇంకో ఫోల్డర్ ఉండాలి. అది లేకపోతే మీరు మేక్ మాడ్యూల్స్_ఇన్‌స్టాల్ అనే మెట్టు దాటేశారు. సుడోతో ఆ కమాండ్ ఇచ్చి, ఇనిట్‌ర్యామ్‌ఎఫ్ఎస్ (బూట్ మొదట్లో మెమరీలోకి వచ్చే చిన్న ఫైల్ సిస్టమ్) మళ్లీ తయారుచేస్తే చాలు. దానికి డెబియన్, ఉబుంటులో అప్‌డేట్-ఇనిట్‌ర్యామ్‌ఎఫ్ఎస్, ఫెడోరాలో డ్రాకట్, ఆర్చ్‌లో ఎంకేఇనిట్‌సీపీఐఓ.

ఫోల్డర్ ఉండి, మాడ్యూల్ మాత్రం లేకపోతే కాన్ఫిగ్, అంటే కెర్నల్ ఆప్షన్ల జాబితా, చూడాలి. నా అంచనాలో ఇక్కడ ఎక్కువమందిని ముంచేది మేక్ లోకల్‌మాడ్‌కాన్ఫిగ్. కంపైల్ టైమ్ బాగా తగ్గుతుందని అందరూ దీన్ని వాడతారు. అది చేసేది ఏమిటంటే, ఆ క్షణంలో లోడై ఉన్న మాడ్యూల్స్‌ను ఎల్ఎస్‌మాడ్ ద్వారా చూసి, మిగతా మాడ్యూల్స్ అన్నిటినీ తీసేస్తుంది. బూట్ అయ్యాక అప్పటిదాకా ఒక్కసారైనా పెన్‌డ్రైవ్ పెట్టకపోతే యూఎస్‌బీ_స్టోరేజ్ పోతుంది. సీరియల్ కేబుల్, కార్డ్ రీడర్, టైప్-సీ డాక్, ప్రింటర్, అన్నిటిదీ ఇదే కథ. అంటే తప్పు కెర్నల్‌ది కాదు. ఇంట్లో లేనివాళ్లకి అన్నం వండలేదు, అంతే.

మందు కూడా అక్కడే ఉంది. పాత కెర్నల్‌లో ప్రతి డివైస్‌నూ ఒకసారి పెట్టి తీయండి. తీసేసినా మాడ్యూల్ మామూలుగా లోడయ్యే ఉంటుంది. అప్పుడు ఎల్ఎస్‌మాడ్ ఫలితాన్ని ఒక ఫైల్‌లో దాచి, లోకల్‌మాడ్‌కాన్ఫిగ్‌కి ఆ ఫైల్‌నే ఇవ్వండి. ఇంకా భద్రంగా ఉండాలంటే ఎల్ఎంసీ_కీప్ (ఇది మాత్రం పెద్ద అక్షరాల్లో) అనే వేరియబుల్‌లో డ్రైవర్స్/యూఎస్‌బీ అని రాయండి. ఆ ఫోల్డర్ కిందున్న ఆప్షన్ల జోలికి అది పోదు.

ఒక్క డ్రైవరే లోపిస్తే ఇంత అక్కర్లేదు. సోర్స్ ఫోల్డర్‌లో ఆ మాడ్యూల్ పేరు పక్కన డాట్ ఓ చేర్చి మేక్‌ఫైళ్లలో గ్రెప్ చేస్తే (అంటే వెతికితే), ఏ కాన్ఫిగ్ ఆప్షన్ దాన్ని తయారుచేస్తుందో అదే లైన్‌లో కనిపిస్తుంది. దొరక్కపోతే అండర్‌స్కోర్ బదులు హైఫన్‌తో వెతకండి. ఎల్ఎస్‌మాడ్‌లో అండర్‌స్కోర్‌తో కనిపించే పేరు ఫైల్‌లో హైఫన్‌తో ఉండొచ్చు. తర్వాత మెనూకాన్ఫిగ్‌లో స్లాష్ నొక్కి ఆ ఆప్షన్ పేరు కొడితే, అది ఎక్కడుందో, వేటి మీద ఆధారపడిందో చూపిస్తుంది. అది ఆధారపడినవి ఆఫ్‌లో ఉంటే ఆ ఆప్షన్ మెనూలో అసలు కనిపించదు. డాట్ కాన్ఫిగ్ ఫైల్‌ను చేత్తో మార్చి మేక్ ఓల్డ్‌డెఫ్‌కాన్ఫిగ్ ఇచ్చినా అంతే, మీరు రాసిన లైన్‌ను మాట్లాడకుండా తీసిపారేస్తుంది. అందుకే ఆ కమాండ్ తర్వాత ఫైల్‌ను మరోసారి గ్రెప్ చేయండి.

4. మాడ్యూల్ ఉండి లోడ్ కాకపోతే

సుడో మాడ్‌ప్రోబ్ అని మాడ్యూల్ పేరు ఇచ్చి, వెంటనే కెర్నల్ సందేశాలు చూపే డీమెసేజ్ (dmesg) చివరి లైన్లు చదవండి. ‘వెర్షన్ మ్యాజిక్’ అని వస్తే మాడ్యూల్ ఒక బిల్డ్‌ది, కెర్నల్ ఇంకో బిల్డ్‌ది. రెండూ మళ్లీ కలిపి ఇన్‌స్టాల్ చేయాలి. మాడ్‌ప్రోబే టెర్మినల్‌లో ‘కీ వాజ్ రిజెక్టెడ్ బై సర్వీస్’ అంటే అది సంతకం గొడవ, సెక్యూర్ బూట్ (సంతకం ఉన్న సాఫ్ట్‌వేర్‌నే నడవనిచ్చే ఏర్పాటు) ఉన్న మెషీన్లలో తరచూ వస్తుంది. మాడ్యూల్స్‌కి మీ కీతో సంతకం చేసి ఆ కీని మోక్‌యుటిల్ అనే టూల్‌తో ఎన్‌రోల్ చేయాలి. ఎన్‌విడియా లాంటి బయటి డ్రైవర్లు కెర్నల్ సోర్స్‌లో ఉండవు కాబట్టి, వాటిని కొత్త కెర్నల్‌కి డీకేఎంఎస్ అనే టూల్‌తో విడిగా కట్టుకోవాలి.

5. డ్రైవర్ ఉన్నా పోర్టు పనిచేయకపోతే

డీమెసేజ్‌లో ఫర్మ్‌వేర్ అనే మాట వెతకండి. ‘ఫెయిల్డ్ విత్ ఎర్రర్ -2’ అంటే ఫైల్ దొరకలేదని అర్థం. ఫైల్ లిబ్ ఫర్మ్‌వేర్ ఫోల్డర్‌లో కళ్లెదురుగా ఉన్నా ఈ ఎర్రర్ రావొచ్చు. డ్రైవర్‌ను మాడ్యూల్‌గా కాకుండా కెర్నల్‌లోనే కలిపేస్తే, రూట్ డిస్క్ మౌంట్ కాకముందే అది ఫర్మ్‌వేర్ అడుగుతుంది. అప్పటికి ఆ ఫోల్డరే లేదు. ఫర్మ్‌వేర్ కావాల్సిన డ్రైవర్లను మాడ్యూల్‌గానే ఉంచడం మేలు. తప్పదంటే ఇనిట్‌ర్యామ్‌ఎఫ్ఎస్‌లో ఫర్మ్‌వేర్ చేర్చండి.

రియల్‌టెక్ నెట్ పోర్టుకి ఇలాంటిదే ఇంకో చిక్కు ఉంది. ఆర్8169తో పాటు రియల్‌టెక్ పీహెచ్‌వై (కేబుల్ సిగ్నల్‌ను చూసుకునే చిప్ భాగం) మాడ్యూల్ కూడా అదే సమయానికి అందాలి. మొదటిది ఇనిట్‌ర్యామ్‌ఎఫ్ఎస్‌లో ఉండి రెండోది లేకపోతే పోర్టు లేవదు. డీమెసేజ్ ఈ విషయాన్ని దాదాపు ఇదే మాటల్లో చెబుతుంది, చదివితే చాలు.

పెన్‌డ్రైవ్ సంగతి వేరు. డిస్కుల జాబితా చూపే ఎల్ఎస్‌బీఎల్‌కేలో డ్రైవ్ కనిపించి మౌంట్ మాత్రం కాకపోతే పోర్టు తప్పేమీ లేదు. పెన్‌డ్రైవ్ ఫైల్ సిస్టమ్‌లైన వీఫ్యాట్ లేదా ఎక్స్‌ఫ్యాట్ ఆన్‌లో ఉందో లేదో చూడండి. వీఫ్యాట్ ఉన్నా ‘కోడ్‌పేజ్ సీపీ437 నాట్ ఫౌండ్’ అని వస్తే, నేటివ్ లాంగ్వేజ్ సపోర్ట్ మెనూలో కోడ్‌పేజ్ 437 ఆన్ చేయండి. పక్కనే ఉన్న ఐఎస్ఓ 8859-1 కూడా.

యూఎస్‌బీ సీరియల్ కేబుళ్లకి చిప్‌ను బట్టి ఎఫ్‌టీడీఐ_ఎస్ఐఓ, సీహెచ్341, సీపీ210ఎక్స్, పీఎల్2303 మాడ్యూల్స్‌లో ఒకటి కావాలి. హెచ్‌డీఎంఐలో బొమ్మ వచ్చి శబ్దం రాకపోతే హెచ్‌డీఏ (ఆడియో) విభాగంలోని హెచ్‌డీఎంఐ కోడెక్ చూడండి.

6. మళ్లీ కట్టండి

మేక్ క్లీన్ వద్దు. మార్చిన ఆప్షన్‌కి సంబంధించినవే మళ్లీ కంపైల్ అవుతాయి కాబట్టి ఈసారి చాలా త్వరగా అయిపోతుంది. మాడ్యూల్స్ ఇన్‌స్టాల్, ఆ తర్వాత కెర్నల్ ఇన్‌స్టాల్, రెండూ చేయండి. లోకల్‌వెర్షన్ ఆప్షన్‌లో కొత్త పేరు పెడితే పాత బిల్డ్ చెరిగిపోకుండా పక్కనే ఉంటుంది. పనిచేస్తున్న కెర్నల్‌ను ఎప్పుడూ తీసేయకండి.

ఇంతా చేసి పోర్టు లేవలేదనుకోండి. పాత కెర్నల్ కాన్ఫిగ్‌ను బూట్ ఫోల్డర్ నుంచి తెచ్చి, ఓల్డ్‌డెఫ్‌కాన్ఫిగ్ చేసి, కొత్త వెర్షన్‌ను దానితో ఒకసారి పూర్తిగా కట్టి చూడండి. పనిచేస్తే లోపం మీ కాన్ఫిగ్‌లోనే ఉంది. స్క్రిప్ట్స్ ఫోల్డర్‌లోని డిఫ్‌కాన్ఫిగ్ రెండిటి మధ్య తేడాలు చూపిస్తుంది. అప్పుడూ పనిచేయకపోతే కొత్త వెర్షన్‌లోనే ఏదో చెడింది, గిట్ బైసెక్ట్ చేయాలి, అంటే మార్పుల జాబితాను ప్రతిసారీ సగానికి విడగొట్టి పరీక్షించాలి. రెండు వెర్షన్ల మధ్య 10,000 మార్పులున్నా సుమారు 14 సార్లు కంపైల్ చేస్తే తప్పు ఏ మార్పుదో తేలుతుంది. అన్నిసార్లు కట్టాలంటే చిన్న కాన్ఫిగ్ ఉండాలి కాబట్టి లోకల్‌మాడ్‌కాన్ఫిగ్ నిజంగా అక్కరకొచ్చేది ఇక్కడే. దాన్ని పాత కెర్నల్‌లో ఉండగా, ఆ డివైస్ పోర్టులో పెట్టి ఉన్నప్పుడే ఇవ్వండి.