పైథాన్ పాఠాలు – 6: పేర్లున్న టపుల్

పోయిన పాఠంలో వడ్ల కొనుగోలు కేంద్రం లెక్కను మామూలు టపుల్‌లో (ఒకసారి చేశాక మారని విలువల వరుసలో) పెట్టాం:

వరుస = ('హాలియా', 'సన్నాలు', 52, 16)

ఊరు, రకం, బస్తాలు, తేమ. వారం తర్వాత ఇదే ఫైలు తెరిస్తే వరుస[2] బస్తాలా, తేమా? రెండూ అంకెలే. తేమ 17 శాతం దాటితే ఆపమని రాసి, 3కి బదులు 2 కొట్టారనుకోండి (గడుల లెక్క 0 నుంచి మొదలు కదా, 2 అంటే బస్తాలు, 3 అంటే తేమ). పైథాన్ కిక్కురుమనదు. 52 శాతం తేమ అనుకుని మంచి వడ్లను పక్కన పెట్టేస్తుంది.

అందుకే ఒక్కో గడికి పేరు పెడదాం. కలెక్షన్స్ మాడ్యూల్ నుంచి నేమ్డ్‌టపుల్‌ను ఇంపోర్ట్ చేసుకుని ఇలా రాయండి:

లాట్ = నేమ్డ్‌టపుల్('లాట్', 'ఊరు రకం బస్తాలు తేమ')
ఒకటి = లాట్('హాలియా', 'సన్నాలు', బస్తాలు=52, తేమ=16)

(పైథాన్ సొంత పేర్లను ఇంగ్లిష్ అక్షరాల్లోనే కొట్టాలి. మనం పెట్టుకునేవి తెలుగులో ఉన్నా పైథాన్ 3 ఒప్పుకుంటుంది.)

ఇప్పుడు ఒకటి.బస్తాలు * 40 అంటే 2080 కిలోలు. చదివినవాళ్లకు ఇంకేం చెప్పక్కర్లేదు. లోపల ఉన్నది టపులే కాబట్టి ఒకటి[2] కూడా నడుస్తుంది. రెండో లైనులో బస్తాలు=, తేమ= అని ఊరికే రాయలేదు. అవి లేకుండా 16, 52 అని తిరగేసి ఇస్తే పేర్లున్నా తప్పు తప్పే.

అసలు తిరకాసు మార్పుల దగ్గర. కాంటా పెట్టాక రెండు బస్తాలు తగ్గాయి. ఒకటి.బస్తాలు = 50 అంటే ఆట్రిబ్యూట్‌ఎర్రర్ వస్తుంది. టపుల్ మారదు, కొత్తది చేసుకోవాలి:

ఒకటి = ఒకటి._రీప్లేస్(బస్తాలు=50)

ఎడమవైపు ‘ఒకటి =’ మరిచిపోతే ఎర్రరేమీ రాదు, 52 అలాగే ఉంటుంది. చాలామంది ఇక్కడే బోల్తా పడతారు. ముందున్న అండర్‌స్కోర్ చూసి లోపలి సరుకేమో, ముట్టుకోకూడదేమో అనుకోకండి. మన గడుల పేర్లతో కలిసిపోకుండా అలా పెట్టారు, అంతే. మన గడి పేరు అండర్‌స్కోర్‌తో మొదలైతే ఒప్పుకోనిదీ అందుకే.

నన్నడిగితే, రసీదు కోశాక మారని లెక్కలకు ఇది సరిపోతుంది. పూటపూటకూ మారేవాటికి పైథాన్ 3.7లో వచ్చిన డేటాక్లాస్ మేలు. దాని సంగతి తర్వాత.

అభ్యాసం: నకిరేకల్, మిర్యాలగూడ, హాలియా పేర్లతో మూడు లాట్లు చేసి లిస్టులో పెట్టండి. ఒకదాని తేమ 19 ఉండాలి. తేమ 17 దాటనివాటి బస్తాలు మాత్రమే కూడి చూపించండి. తర్వాత ఆ 19ని _రీప్లేస్‌తో 16 చేసి, లిస్టులో పాతదాని స్థానంలో పెట్టి మళ్లీ కూడండి. మొత్తం మారకపోతే కొత్త లాట్ లిస్టులోకి చేరలేదన్నమాట.

వచ్చే పాఠంలో సీఎస్‌వీ ఫైలు నుంచి ఈ లాట్లను _మేక్‌తో తయారుచేద్దాం.